“ఎందుకు?” అని ఆగకుండా అడిగేవారు

2014 ఫిబ్రవరి 14 రాత్రి, అమెరికాలోని న్యూ మెక్సికోలో విప్ అణువ్యర్థాల కేంద్రం నుంచి రేడియోధార్మికత బయటికి వెలువడింది. భూమికి 655 మీటర్ల లోతున, ఉప్పు పొరల్లో, వ్యర్థాలున్న ఒక డ్రమ్ము పగిలింది. మూలకారణ విశ్లేషకులకు అది జవాబు కాదు, తొలి ప్రశ్న.

వారి పనితనమంటే నాకెంతో గౌరవం. సాఫ్ట్‌వేర్‌లో ఘటనలను కాలక్రమంలో గడులుగా పేరుస్తారు. ప్రతి గడి దగ్గరా “ఎందుకు?” అని అడిగి, జవాబుకు ఆధారం జతచేస్తారు: ఫొటో, లాగ్‌బుక్, వాంగ్మూలం. ఆధారం దొరకని గడిని ఊహతో నింపరు.

విప్ దర్యాప్తు ఆ డ్రమ్ము వచ్చిన లాస్ అలమోస్ ప్రయోగశాల దాకా వెళ్లింది. నైట్రేట్ లవణాలున్న వ్యర్థంలో తేమ పీల్చడానికి ఖనిజ పదార్థం వాడాల్సింది పోయి, గోధుమతో చేసిన పిల్లుల లిట్టర్ (పెంపుడు పిల్లుల మలమూత్రాలను పీల్చే పదార్థం) కలిపారు. లోపల రసాయన చర్య మొదలై డ్రమ్ము వేడెక్కింది. ఇంకా లోతుకు వెళ్తే, తప్పు పని విధానపు పత్రంలోనే ఉంది. సమీక్షలు దాన్ని పట్టుకోలేదు.

కలిపిన చేతిని నిందించడం తేలిక. ఆ చేతికి అందిన కాగితాన్ని ప్రశ్నించడానికి ఓర్పు, నిజాయితీ కావాలి. 2017 జనవరిలో విప్‌లో వ్యర్థాలను భూగర్భంలో ఉంచే పని మళ్లీ మొదలైంది. దోషిని కాక కారణాన్ని వెతికే ఈ వృత్తే రేపటి కార్మికుణ్ణి కాపాడుతుంది.