పాత ఇత్తడిని పరీక్షించే చేతులు

అమెరికాలో రైఫిల్ తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాల్చాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. కొత్తది కొనాలా, కాల్చినదే వాడాలా అన్న దగ్గరే వాళ్ల పనితనం బయటపడుతుంది.

ఫిన్లాండ్‌కు చెందిన లపువా కంపెనీ కొత్త గొట్టాల్లో బరువు, గోడ మందం దాదాపు ఒకేలా ఉంటాయి. ధర కూడా తక్కువేం కాదు! మిస్సోరిలోని లేక్ సిటీ సైనిక కర్మాగారంలో తయారై, ఒక్కసారి పేలినవి చవక. అయితే వాటిలో మందును అంటించే ప్రైమర్ ఊడకుండా అంచు నొక్కి ఉంటుంది. ఆ నొక్కుడు తీస్తేగానీ కొత్త ప్రైమర్ సరిగ్గా కూర్చోదు.

నాకు ముచ్చటేసేది వాళ్ల పరీక్ష. పేపర్ క్లిప్పును తిన్నగా సాగదీసి, కొన వంచి, గొట్టం లోపలి గోడ వెంట గీస్తారు. అడుగుకు కాస్త పైన గాడి తగిలిందా, అక్కడ గోడ పలచబడిందన్నమాట. మళ్లీ కాలిస్తే అక్కడే తెగవచ్చు. అలాంటిదాన్ని మొహమాటం లేకుండా పారేస్తారు. గుండును పట్టి ఉంచే గొట్టం మెడ గట్టిపడితే వేడి చూపించి మెత్తబరుస్తారు, మెడ వరకే. అడుగు మెత్తబడితే ప్రాణాల మీదికొస్తుంది.

సొంత రైఫిల్‌లో కాల్చిన గొట్టం ఆ తుపాకీ కొలతకే సాగి ఉంటుంది. అలాంటి పాతది నా లెక్కలో కొత్తదానికి తీసిపోదు. ఎవరు, ఎన్నిసార్లు కాల్చారో తెలియని సరుకైతే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దనండి.