ఇంటికి తిరిగిరాని పిట్టకు గూడు

2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో హైదరాబాద్ శివారు బుద్వేల్ భూమి ఎకరం 30 కోట్ల రూపాయలు దాటింది. ఆ ధరల నడుమ జానెడు పెరడు మిగలడమే గొప్ప. అందులో కోళ్లు తిరగాలంటే చోటు చాలదు, కౌజు పిట్టలకైతే చాలుతుంది. పిట్టకు ఒక చదరపు అడుగు ఇస్తే అవి హాయిగా బతుకుతాయి. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు ఉంటే 20 పిట్టలు. సలహా అడగడానికి దూరం పోనక్కర్లేదు. పశువైద్య విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లోనే ఉంది. వనరాజా, గ్రామప్రియ పెరటి కోళ్లను తయారుచేసిన కోళ్ల పరిశోధన సంస్థ కూడా అక్కడే.

అయితే చాలామంది కోళ్ల గూడునే కాస్త చిన్నది చేసి కౌజులను అందులో పడేస్తారు. తేడా అంతా అక్కడే వస్తుంది. మన ఊళ్లలో కోళ్ల పెంపకం కోడి అలవాటు మీద నిలబడింది. పగలంతా ఎక్కడ తిరిగినా పొద్దుగూకేసరికి అది ఇల్లు చేరుతుంది. మేదరులు అల్లిన గంప బోర్లించి పైన రాయి పెడితే రాత్రికి నిశ్చింత. గంపకు గాలి ఆడుతుంది, పిల్లి మూతి దూరదు, పొద్దున ఎత్తి ఇంకోచోట పెడితే నేల మారుతుంది. ఖర్చు లేకుండా ఇన్ని పనులు చేసే వస్తువు ఇవాళ షాపుల్లో దొరికే రెడీమేడ్ పంజరాల్లో ఒక్కటీ లేదు. కానీ కౌజుకు ఇల్లు చేరే అలవాటు లేదు. వదిలితే పోయిందే. కర్రెక్కి పడుకోవడమూ తెలియదు. నేల మీదే ఏదో మూలకు ఒదుగుతుంది. పందికొక్కు, ముంగిస, పాము వచ్చేది ఆ నేల మీదుగానే.

కౌజు నడత ఎరిగినవాళ్లు పిట్టలను వేటాడే పిట్టలోళ్లు, పారధులు. ఈ పిట్ట ముందు పరుగెడుతుంది, ఇక దారి లేదనుకున్నప్పుడే ఎగురుతుంది. అందుకే వాళ్లు ఉరులను గడ్డి మధ్య, అది పరుగెత్తే దారిలో, నేలకు దగ్గరగా పన్నేవాళ్లు. అడవి కౌజును పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మనం పెంచేది 1974లో ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రానికి తెచ్చిన జపాన్ కౌజు. అయినా పట్టేవాడి తెలివి కట్టేవాడికి పనికొస్తుంది. లోపల గడ్డి దుబ్బులు, బోర్లించిన కుండ పెంకులు, ఎండు కొమ్మలు పెడితే బెదిరిన పిట్టకు పరుగెత్తి దూరడానికి చోటుంటుంది. లేదంటే అది నిట్టనిలువుగా లేస్తుంది.

ఆ లేవడమే ప్రమాదం. కోళ్ల గూళ్లలా మూడు నాలుగు అడుగుల ఎత్తు కౌజుకు అన్నిటికన్నా చెడ్డది. సరిగ్గా వేగం అందుకునే ఎత్తులో కప్పు తగిలి నెత్తి తోలు చిట్లుతుంది, ఒక్కోసారి మెడ విరుగుతుంది. కాబట్టి కప్పు అడుగు లోపే ఉండాలి, లేదా ఆరడుగులు దాటాలి. మనిషి లోపలికి నడిచే గూడైతే రేకుకు జానెడు కిందుగా షేడ్ నెట్‌ను వదులుగా వేలాడగట్టాలి. లేచిన పిట్ట ఆ మెత్తదనానికి తగిలి దిగుతుంది.

ఇక అడుగు భాగం. జాలీని అడుగు లోతున పాతమని పుస్తకాలు చెబుతాయి. ఇక్కడి మొరం నేలలో, కింద బండ తగిలే చోట, గడ్డపార అంత లోతు దిగదు. దిగనక్కర్లేదు కూడా. గోడ పాదం దగ్గర జాలీని బయటి వైపుకు మడిచి, అడుగున్నర మేర నేల మీద పరిచి, పైన తాండూరు బండలు వేస్తే చాలు. పందికొక్కు సరిగ్గా గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. బండా జాలీ తగిలితే, రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలని దానికి సాధారణంగా తోచదు.

జాలీ అంటే అరంగుళం వెల్డ్ మెష్. ఆరు మూలల కోళ్ల జాలీ పిట్టను లోపల ఆపుతుందే తప్ప పామును బయట ఆపదు. కుక్క పట్టి లాగితే చిరుగుతుంది. మెష్ ఉన్నా ఇంకో ముప్పు ఉంది. రాత్రి పిట్ట జాలీకి ఆనుకుని పడుకుంటే పిల్లి గోళ్లతో బయటినుంచే చీరేస్తుంది. కింది అడుగు ఎత్తు వరకు చెక్కో రేకో కొడితే పిల్లి కనిపించదు, పిట్ట బెదరదు. తలుపులు రెండుండాలి. ఒకటి మూసి ఇంకోటి తీసేంత చోటు మధ్యలో వదలాలి.

పైకప్పు పూర్తిగా జాలీతోనే వేయడం నాకు ఇష్టం లేదు. 1927లో కట్టిన హిమాయత్‌సాగర్ దగ్గర్లోనే ఉంది. చలికాలం అక్కడికి వలస బాతులు వస్తాయి. పై నుంచి పడే రెట్ట బర్డ్ ఫ్లూకు దారి. శంషాబాద్ వైపు వాళ్లకు ఇంకో సంగతి: విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపు చెత్త పారబోయడాన్ని విమానయాన నిబంధనలు నిషేధించాయి, గద్దలు చేరతాయని. చచ్చిన పిట్టను, పాత ఊకను గుంట తీసి పూడ్చాల్సిందే.

మిగతావి తేలికే. పడమటి వైపు గోనెపట్టా కట్టి మే నెలలో తడపాలి. ఆ తడి మాత్రం కింద పరిచిన ఊకకు తగలొద్దు, చెమ్మ చేరితే రక్తపారుడు పట్టుకుంటుంది. ఒక పళ్లెంలో ఇసుక, బూడిద కలిపి పెడితే పిట్టలు దొర్లి పేలు దులుపుకుంటాయి.

ఆరేడు వారాలకు గుడ్లు మొదలవుతాయి. తరాల తరబడి పెంపకంలో ఉన్న ఈ జాతి పొదగడం దాదాపు మరిచిపోయింది. పిల్లలు కావాలంటే ఇంక్యుబేటర్‌లో 17, 18 రోజులు ఉంచాలి. పిల్ల బొటనవేలంత ఉంటుంది, నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేయకపోతే మునిగి చస్తుంది. గుడ్లు చాలనుకునేవాళ్లకు అసలు మగపిట్టే అక్కర్లేదు. మూడు వారాలు నిండాక రొమ్ము చూస్తే తెలిసిపోతుంది: మచ్చల్లేని ఎర్రమట్టి రంగైతే మగది, నల్ల చుక్కలుంటే ఆడది. తెల్లవారకముందే గొంతు చించుకునేది ఆ ఎర్ర రొమ్ముదే. పక్కన అపార్ట్‌మెంట్ ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి.