ఆచార్యుల మాట పత్రికల్లో: దూబగుంట ఉదాహరణగా ఒక విమర్శ

దినపత్రిక సంపాదకీయ పేజీలో వ్యాసం చదివేటప్పుడు మీ చూపు ముందు ఎక్కడికి వెళుతుందో గమనించండి. చాలామందికి మొదట శీర్షిక, ఆ వెంటనే వ్యాసం చివర చిన్న అక్షరాల్లో ఉండే వాక్యం: 'రచయిత ఫలానా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు'. ఆ వాక్యం చూశాక మనం వ్యాసాన్ని చదివే తీరు మారిపోతుంది. అంతవరకు ఎవరో ఒకరి అభిప్రాయంగా ఉన్నది కాస్తా శాస్త్రం తేల్చిన మాటలాగా కనిపిస్తుంది. టీవీ చర్చలో పేరు కింద 'ప్రొఫెసర్' అని పడినా ఇంతే. విశ్వవిద్యాలయాల వాళ్లు పత్రికల్లో రాయవచ్చా అన్న వాదనలోకి ఈ పాఠం పోదు. రాయాలనే ఈ రచయిత అభిప్రాయం. రాసినప్పుడు వారు విషయానికి ఏం చేర్చారు, ఎవరికి అందించారు, పాఠకులుగా మీరు దాన్ని ఎలా తూచాలి అన్న సంగతులే ఇక్కడ పరిశీలిద్దాం.

ఇందుకు దూరపు ఉదాహరణ అక్కర్లేదు. పెన్న ఒడ్డున ఉన్న సంగం నుంచి ఉత్తరంగా వెళితే కలిగిరి మండలం వస్తుంది. ఆ మండలంలోని దూబగుంట పేరు మీరు వినే ఉంటారు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం వారైతే ఇంట్లో పెద్దవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. పల్లెటూరి స్త్రీలు, దినపత్రికలు, విశ్వవిద్యాలయ అధ్యాపకులు ముగ్గురూ ఒకే విషయం మీద మాట్లాడిన సందర్భం తెలుగునాట ఇంత స్పష్టంగా మరొకటి దొరకడం కష్టం.

దూబగుంట కథ, పత్రిక చెప్పినట్లు

1991 నాటికి నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడుస్తోంది. కూలిపని ముగించుకొని వచ్చిన స్త్రీలు రాత్రి బడుల్లో కూర్చొని అక్షరాలు దిద్దారు. వారి వాచకంలో తాగుడు వల్ల నాశనమైన కుటుంబం గురించి ఒక పాఠం ఉంది. ఆ పాఠం మీద చర్చ జరిగింది. దూబగుంట స్త్రీలు ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఉద్యమం పక్క ఊళ్లకు, తర్వాత పక్క జిల్లాలకు పాకింది. స్త్రీలు సారా వేలంపాటలను జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

తెలుగు దినపత్రికలు, ముఖ్యంగా ఈనాడు, ఈ ఉద్యమానికి రోజూ చోటిచ్చాయి. ప్రత్యేక పేజీలు వేశాయి. ఆ పని విలువను తక్కువ చేయకూడదు. ఒక ఊళ్లో జరిగింది ఇంకో ఊరి వాళ్లకు తెలిసిందంటే, తెలిసి వాళ్లూ కదిలారంటే, అందులో పత్రిక పాత్ర పెద్దదే. అయితే పత్రిక ఒక విషయాన్ని కథగా మార్చే క్రమంలో కొన్నింటిని పక్కన పెడుతుంది. ఇక్కడ స్థిరపడిన కథ ఏమిటి? స్త్రీలు పాఠం చదివారు, కళ్లు తెరిచారు, తిరగబడ్డారు. ఇప్పటికీ పోటీ పరీక్షల పుస్తకాల్లో దూబగుంట గురించి ఉండేది ఈ మూడు మాటలే.

ఈ కథను కాస్త పట్టి చూడండి. ఇందులో ప్రభుత్వం ఉపాధ్యాయుడి స్థానంలో ఉంది. బడి పెట్టింది, వాచకం అచ్చేసింది, స్త్రీలను మేల్కొలిపింది. కానీ ఆ ఊళ్లకు సారా ఎలా చేరింది? 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి సరఫరా చేసే పద్ధతి తెచ్చింది ప్రభుత్వమే. వేలంపాటలు పెట్టి ఆదాయం రాబట్టుకున్నదీ ప్రభుత్వమే. ఒక చేత్తో పలక, ఇంకో చేత్తో ప్యాకెట్టు. 'పాఠం చదివి మేల్కొన్నారు' అన్న కథలో రెండో చేయి కనబడదు. పైగా మొగుడు కూలి డబ్బులు తాగేస్తున్నాడని తెలియడానికి ఆ స్త్రీలకు వాచకం అవసరం లేదు. ఆ సంగతి వాళ్లకు ప్రతి సాయంత్రం తెలుస్తూనే ఉంది. రాత్రి బడి వాళ్లకు ఇచ్చింది కలిసి కూర్చునే చోటు, ఆ చోట పదిమందిలో మాట్లాడే అలవాటు.

మరో సంగతి, పత్రికకు ఒక ముఖం కావాలి. వందల ఊళ్లలో వేలమంది స్త్రీలు చేసిన పని ఒక పేరుకు, ఒక ఫోటోకు కుదించుకుపోయింది. రోశమ్మ గారి ధైర్యం విషయంలో ఎవరికీ సందేహం లేదు. ఆమె పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు మనకు తెలియకపోవడమే ఇక్కడ లోటు.

అధ్యాపకులు చేర్చింది ఏమిటి?

ఇప్పుడు విశ్వవిద్యాలయం వైపు చూద్దాం. ఉద్యమం ఇంకా నడుస్తుండగానే, 1992 అక్టోబరు చివర, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధిస్తున్న కంచ ఐలయ్య బొంబాయి నుంచి వెలువడే 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఈ ఉద్యమం మీద వ్యాసం రాశారు. 1993 జనవరిలో హైదరాబాదులోని అన్వేషి స్త్రీ అధ్యయన పరిశోధనా కేంద్రం అదే వారపత్రికలో నెల్లూరు పల్లె స్త్రీల పోరాటం గురించి రాసింది. ఆ ఏడాది మే నెలలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన డి. నరసింహారెడ్డి, అరుణ్ పట్నాయక్ మరో వ్యాసం ప్రచురించారు. ఎనిమిది నెలల్లో మూడు వ్యాసాలు. పరిశోధన అంటే పదేళ్ల తర్వాత వచ్చే లావుపాటి గ్రంథం అనుకునేవాళ్లు ఈ తేదీలు గుర్తుపెట్టుకోవాలి.

ఈ రచనలు సారాను ఒక వ్యసనంగా మాత్రమే చూడలేదు. ఎక్సైజ్ ఆదాయం, కాంట్రాక్టర్లు, కూలి, ఇంట్లో స్త్రీ స్థానం, వీటి మధ్య ఉన్న లంకెను వెతికాయి. అంటే పత్రిక కథలో కనబడని రెండో చేతిని చూపించాయి. తర్వాత 1994లో సూజీ తారు, తేజస్విని నిరంజన కలిసి రాసిన ఒక వ్యాసం ఇంకో అడుగు వేసింది. స్త్రీవాద సిద్ధాంతం ఎదుర్కొంటున్న సమస్యల గురించిన ఆ వ్యాసంలో సారా వ్యతిరేక ఉద్యమం ఒక ఉదాహరణ. ఆ స్త్రీలను పత్రికలు, పార్టీలు, సంస్కర్తలు, మేధావులు ఎవరికి వారు తమ కథలో పాత్రలుగా ఎలా మలచుకున్నారన్నది వారి ప్రశ్న. గమనించండి, ఆ ప్రశ్న తోటి అధ్యాపకులకూ తగులుతుంది. విద్యారంగంలో మంచి విమర్శకు ఉండే లక్షణం ఇది. అది పత్రికను తప్పుపట్టి ఊరుకోదు, తనవైపు కూడా తిరుగుతుంది.

ఇంత మెచ్చుకున్నాక లోపం చెప్పాలి. పైన పేర్కొన్న నాలుగు వ్యాసాలూ ఇంగ్లీషువి. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న కలిగిరి, వింజమూరు స్త్రీల మాట అలా ఉంచండి. ఆత్మకూరు కళాశాలలో తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదువుతున్న విద్యార్థికి కూడా అవి అందే దారి ఎంత? తెలుగు దినపత్రిక ఊరిని చేరింది, కారణాలలోకి వెళ్లలేదు. ఇంగ్లీషు వారపత్రిక కారణాలలోకి వెళ్లింది, ఊరిని చేరలేదు. ఆచార్యులు పత్రికల్లో కనబడాలని మొదట్లో అన్నది ఇందుకే. వారు ఎక్కడ, ఏ భాషలో కనబడ్డారన్నది వారు చెప్పిన విషయమంత ముఖ్యం. పరిశోధన పత్రానికి మార్కులు, పదోన్నతి వస్తాయి. తెలుగు పత్రికలో వ్యాసానికి అవి రావు. అధ్యాపకుల్ని మాత్రమే నిందించి ప్రయోజనం లేదు, నియమాలు రాసిన వాళ్లనూ అడగాలి.

పేరు ఎవరిది, హోదా ఎవరిది?

2000 సంవత్సరంలో జరిగిన ఒక ఘటన ఈ చర్చకు అవసరం. కంచ ఐలయ్య హైదరాబాదు నుంచి వెలువడే ఆంగ్ల దినపత్రిక డెక్కన్ క్రానికల్‌లో మతం, కులం గురించి రాసిన ఒక వ్యాసం తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఆయనకు లేఖ వెళ్లింది. సమాజంలో విభేదాలు పెంచే రీతిలో రాయవద్దన్నది దాని సారాంశం. దీనిపై అధ్యాపకులు, రచయితలు నిరసన తెలిపారు.

ఐలయ్య వాదనతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. రెండు సందర్భాల్లోనూ ఆ లేఖ సరైన సమాధానం కాదు. వ్యాసానికి జవాబు మరో వ్యాసం. విశ్వవిద్యాలయంలో అలాంటి జవాబు రాయగలిగినవాళ్లకు కొదవ లేదు. అయితే అధికారుల వైపు ఉన్న ఆందోళనలో అర్థం లేకపోలేదు. వ్యాసం కింద విశ్వవిద్యాలయం పేరు ఉన్నప్పుడు సాధారణ పాఠకుడు అది ఆ సంస్థ అభిప్రాయమని పొరబడతాడు. ఆ పొరపాటును సవరించవలసింది పాఠకుడి చదువు. రచయిత నోరు నొక్కడం అందుకు మార్గం కాదు.

ఒక తేడా మనసులో ఉంచుకోండి. పరీక్షల నియంత్రణాధికారి 'పరీక్షలు వాయిదా పడ్డాయి' అని పత్రికకు చెబితే అది సంస్థ మాట. దాన్ని మీరు పాటించాలి. అర్థశాస్త్ర ఆచార్యుడు 'వడ్డీ రేట్లు తగ్గించాలి' అని రాస్తే అది ఆయన మాట. దాన్ని మీరు పరీక్షించాలి. రెండింటి పక్కనా ఒకే విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది. ఇక ప్రవర్తనా నియమావళి వల్ల పత్రికల్లో సాధారణంగా గొంతు వినబడని సిబ్బంది ఒకరున్నారు. అధ్యయన కేంద్రానికి పుస్తకాలు ఎప్పుడొచ్చాయో, ఎన్ని తక్కువ వచ్చాయో, ఎవరికి అందలేదో అక్కడి గుమాస్తాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. దూరవిద్య గురించిన వార్తల్లో ఆయన మాట ఎన్నిసార్లు చదివారు?

తెర మీద

టీవీ వచ్చాక సమస్య ముదిరింది. ప్రొఫెసర్ కోదండరాం ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం బోధించారు. 2009 చివర తెలంగాణ రాజకీయ జేఏసీకి నాయకత్వం వహించారు. 2018లో పార్టీ స్థాపించారు. ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ అదే విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధిస్తూ పట్టభద్రుల నియోజకవర్గం నుంచి శాసనమండలికి ఎన్నికయ్యారు. వార్తా ఛానల్ సంపాదకత్వమూ చేశారు. ఇలా ఒకరే పలు పాత్రలు పోషించడంలో తప్పేమీ లేదు. తెలుగు సమాజానికి దానివల్ల మేలే జరిగింది. ఇబ్బంది తెర కింది పట్టీతో. పాఠం చెప్పినా, ఉద్యమ పిలుపు ఇచ్చినా, ఎన్నికల ఫలితం ఊహించినా ఆ పట్టీలో 'ప్రొఫెసర్' అనే ఉంటుంది. మాట్లాడే మనిషి ఇప్పుడు ఏ పాత్రలో ఉన్నాడో అది చెప్పదు. మీరే పోల్చుకోవాలి.

తెరకు ఇంకో అలవాటు ఉంది. పరిశోధకుడి వాక్యంలో 'కానీ', 'అయితే', 'ఇప్పటికి తెలిసినంతలో' లాంటి మాటలు తప్పనిసరి. స్క్రోలింగులో వాటికి చోటుండదు. 2021 మేలో మన జిల్లాలోని కృష్ణపట్నం ఆనందయ్య మందు విషయం గుర్తు చేసుకోండి. ఆయుర్వేద నిపుణులు, పరిశోధనా సంస్థలు పరిశీలించాక మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మిగతావాటికి అనుమతించింది. హాని కనబడలేదన్నది ఒక మాట, కరోనాను తగ్గిస్తుందనడానికి ఆధారం లేదన్నది రెండో మాట. రెండూ కలిస్తేనే ఆ నిర్ణయం అర్థమవుతుంది. 'మందుకు పచ్చజెండా' అన్న మాటలో మొదటి సగమే ఉంటుంది. నిపుణుడు అబద్ధం చెప్పకపోయినా ఇంటికి చేరేసరికి ఆయన మాట సగమైపోవచ్చు.

ఈ పుస్తకం మొదటి పేజీలు తిప్పితే పాఠ రచయితల పేర్లు, హోదాలు అచ్చై ఉంటాయి. పైన దినపత్రికకు పెట్టిన పరీక్ష ఈ పాఠానికీ పెట్టండి. దూబగుంట స్త్రీల గురించి ఇంత రాసిన ఈ పాఠంలో వారు స్వయంగా చెప్పిన మాట ఒక్కటైనా ఉందా? లేదు. అది మీరు చేయగల పని. మీ ప్రాంతంలో 1992లో వేలంపాటను అడ్డుకున్న స్త్రీలలో కొందరు ఇంకా ఉన్నారు. అరవై, డెబ్బై ఏళ్ల వయసు ఉంటుంది. వారి దగ్గరికి వెళ్లి, అనుమతి తీసుకుని, వారి మాటల్లోనే రాసుకోండి. రాత్రి బడికి ఎవరు పిలిచారు, మొదట ఎవరి ఇంట్లో కూర్చున్నారు, ఇంట్లో మగవాళ్లు ఏమన్నారు, పత్రిక వాళ్లు వచ్చినప్పుడు ఏం అడిగారు, హైదరాబాదు నుంచి ఎవరైనా వచ్చారా అని అడగండి.

అది వీలుకాని వారికి మరో పని. సంగం దగ్గర పెన్నపై బ్రిటిష్ కాలపు ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. గ్రంథాలయంలో ఆ వారం పత్రికలు తీయండి. వార్తల్లో ఎవరెవరి మాటలున్నాయో ఒక కాగితం మీద రాయండి: మంత్రులు, ఇంజనీర్లు, అధ్యాపకులు, ఆయకట్టు రైతులు, కౌలు రైతులు, కూలీలు. ఒక్కొక్కరికి ఎన్ని వాక్యాలు దక్కాయో లెక్కపెట్టి, ఆ కాగితాన్ని సంపర్క తరగతికి తీసుకురండి.