శింగనమల శకునము

శింగనమలలో గెలిచిన పక్షమే రాష్ట్రము నేలునని మా సీమలో నొక నమ్మకము కలదు. 2004, 2009 సంవత్సరములలో ఇచ్చట కాంగ్రెసు గెలిచినది. 2014లో తెలుగుదేశము, 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు, 2024లో మరల తెలుగుదేశము. ప్రతి పర్యాయమును ప్రభుత్వము ఆ పక్షముదే. విన్నవారికి ఆశ్చర్యము కలుగుట సహజమే.

తరగతిలో కాకతాళీయన్యాయము చెప్పునపుడు మేము ఈ నియోజకవర్గమునే ఉదాహరింతుము. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు నొక్క క్షణముననే జరిగినంతమాత్రమున, కాకియే పండును రాల్చినదనరాదు. 2019లో గెలిచిన పక్షమునకు 175 స్థానములలో 151 దక్కినవి. ఆ యేడు తక్కిన 150 స్థానములును ఇదే మహిమను చెప్పుకొనవచ్చును గదా! మా జిల్లాలోనే ఉరవకొండ కథ దీనికి విలోమము. అచ్చట గెలిచినవాని పక్షమునకు అధికారము రాదని చెప్పుకొనెడివారు. 2024లో పయ్యావుల కేశవ్ గారు అచ్చట గెలిచి, ఆర్థికమంత్రియే అయిరి. తప్పిన ఆ శకునమును గూర్చి ఇప్పుడెవ్వరును నోరెత్తరు.

ఇది వట్టి వినోదమైనచో మేము కలము పట్టకుందుము. కాని గెలుచువాడెవడని అడుగు వోటరు, నమ్మదగినవాడెవడని అడుగుట మానుచున్నాడు. అభ్యర్థి మునుపు చెప్పినదేమి, చేసినదేమి, ఖర్చునకు లెక్క చూపెనా అని విచారించుట శ్రమ. శకునము వినుట సుళువు.

ఎన్నికల దినములలో ఒక ప్రచారకుడు మా గడపకు రాగా, చెరువునకు కాలువ నీరు ఏటికెన్ని దినములు వచ్చునని మా యింటివారు అడిగిరి. ఆయన శింగనమల మహిమను వర్ణించి, ప్రక్కయింటికి పోయెను.