మలుపు తిరిగితే గరగర

పికప్ బండి తిన్నగా పోతున్నంతసేపు కిక్కురుమనదు. స్టీరింగ్ తిప్పగానే కింద ఇనుము ఇనుమును రాసుకున్నట్టు గరగరమంటుంది. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడల్లోనూ, రహదారికి ఎడంగా మిర్యాలగూడలోనూ ఈ ఫిర్యాదుతో షెడ్డు ముందు బండి ఆగడం మామూలే. ఇక్కడి పికప్‌లు చేసే చాకిరీ అలాంటిది. మిర్యాలగూడ మిల్లుల బియ్యం, హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు నుంచి సిమెంటు బస్తాలు, ఊళ్ల నుంచి కూరగాయలు, ఎరువులు అన్నీ వీటి మీదే. 1967లో సాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద పరుచుకున్న వరి పొలాల గట్ల దాకా ఇవి పోవాల్సిందే. అధిక లోడు, బురద నీళ్లు, దుమ్ము: చక్రంలోని బేరింగుకు ఈ మూడింటిని మించిన శత్రువులు లేవు.

ఈ చప్పుడును స్కానర్ చూపించదు. ఇంజన్‌కు సెన్సార్లు ఉంటాయి గానీ, బేరింగు అరిగిందని చెప్పే సెన్సార్ ఈ బండ్లకు లేదు. అందుకే మంచి మెకానిక్ పానా పట్టకముందే అడగడం మొదలుపెడతాడు. “ఎటు తిప్పితే వస్తందన్నా? లోడు మీదనా, ఖాళీగున్నప్పుడు గూడనా? బ్రేకు తొక్కితే తగ్గుతదా?” పైకి మాటామంతీలా ఉంటుంది గానీ, ఒక్కో జవాబుతో అనుమానించాల్సిన భాగాలు సగానికి సగం తగ్గిపోతాయి.

ముందు ఆగి ఉన్న బండిలో స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూస్తారు. చక్రం దొర్లకుండానే చప్పుడొస్తే తప్పు బేరింగు కూర్చునే హబ్బులో ఉండదు. పవర్ స్టీరింగ్ ఆయిల్ తగ్గి ఉండాలి, లేదా కింగ్ పిన్నో బాల్ జాయింటో గ్రీజు లేక ఎండిపోయి ఉండాలి. బండి కదిలినప్పుడే వస్తే పక్కన కూర్చుని ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా అటూ ఇటూ తిప్పిస్తారు. ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడి చక్రం మీదికి ఒరుగుతుంది. కాబట్టి ఎడమ మలుపులో మోత పెరిగితే ముందు అనుమానించాల్సింది కుడి బేరింగును. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు ఎడమ చక్రమే విప్పబోతాడు. షెడ్డులో పెద్దమనిషి నేర్పే మొదటి పాఠాల్లో ఇదొకటి. బ్రేకును కొద్దిగా తొక్కితే చప్పుడు మారిందా, ప్యాడ్ అరిగి రేకు డిస్కుకు తగులుతున్నట్టే. డిస్కుకూ దుమ్ము రేకుకూ మధ్య కంకర రాయి ఇరుక్కున్నా అచ్చం బేరింగు పోయినట్టే మోగుతుంది. రాయి తీస్తే సరిపోయే దానికి బేరింగు మార్పించుకున్న ఓనర్లు లేకపోలేదు.

అప్పుడు జాకీ. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, స్టాండు మీద నిలిపిన తర్వాతే ఎవరైనా కిందికి దూరాలి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే బేరింగు ప్లే, అంటే వదులు, తెలుస్తుంది. అటూ ఇటూ పట్టి ఊపితే టై రాడ్ ఎండ్ సంగతి తెలుస్తుంది. తర్వాత ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి స్ప్రింగ్ మీద ఆనిస్తారు. చెవికి అందని గరుకుదనం ఆ ఇనుము మీద వేళ్లకు అందుతుంది. ఈ పరీక్ష చూసిన ప్రతిసారీ ఆ వేళ్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది.

ముందు హబ్బులో లోపలొకటి, బయటొకటి టేపర్ బేరింగులున్న బండ్లలో అసలు పనితనం విప్పాక కనిపిస్తుంది. గుర్రపు బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్కెన్ 1898లో అమెరికాలో ఈ రకానికి పేటెంట్ పొందాడు. పై నుంచి దిగే బరువుతో పాటు మలుపులో పక్కనుంచి వచ్చే ఒత్తిడినీ తట్టుకోవడమే దీని ప్రత్యేకత. గ్రీజు తెల్లబారితే నీళ్లు చొరబడ్డట్టు. రోలర్లు నీలంగా మారితే వేడెక్కి మాడినట్టు. రోలర్లు దొర్లే బయటి రింగును, అంటే కప్పును, తుడిచి లోపలి వైపు గోరుతో గీస్తారు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఇక ఆ కప్పు పనికిరాదు. కప్పు, రోలర్లుండే లోపలి కోను రెండూ జతగానే మార్చాలి, సీలు కూడా కొత్తది వెయ్యాలి. పాత కప్పులో కొత్త కోను వేసి నాలుగొందలు మిగిల్చామనుకుంటే ఆ సుఖం ఎన్నాళ్లో నిలవదు.

గ్రీజు పూయడం వేరు, దట్టించడం వేరు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచుతో దాన్ని నొక్కుతూ లాగుతారు. రోలర్ల సందుల్లోంచి గ్రీజు అవతలి అంచున పైకి ఉబికేదాకా, చుట్టూ తిప్పుకుంటూ. బిగించేటప్పుడు చక్రం తిప్పుతూనే నట్టు బిగువు పట్టించి, మళ్లీ కాస్త వదులుతారు. ప్లే ఉండకూడదు, పట్టెయ్యనూ కూడదు. ఆ కొలత కుదిరాక కొత్త స్ప్లిట్ పిన్ వేసి మడుస్తారు. బేరింగు మొత్తం ఒకే యూనిట్‌గా వచ్చే మోడళ్లలో ఈ పనంతా ఉండదు, యూనిట్ మార్చడమే.

ముందు చక్రాల్లో ఏమీ దొరక్కపోతే, చప్పుడు వెనక నుంచి, ఎటు తిప్పినా వస్తుంటే చూపు వెనక ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ హౌసింగ్ మీదికి పోవాలి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి గనక డిఫరెన్షియల్‌లోని స్టార్ పినియన్లు బాగా తిరిగేది అప్పుడే. తిన్నగా పోతున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలితే ఒకలా ఊళ వేస్తే అది క్రౌన్, పినియన్ల గొడవ. హౌసింగ్ విప్పాలంటే ఖర్చు పెద్దది. అందుకే ముందు ఆయిల్ కొద్దిగా దించి, వేళ్ల మధ్య రుద్ది, ఎండలో చూస్తారు. ఇనుప రజను మెరిస్తేనే విప్పడానికి సిద్ధపడతారు.

ఇంత విని, ఊపి, తడిమి చూసినందుకు బిల్లులో ఒక్క గీత కూడా ఉండదు. సామాను ధర, విప్పి బిగించిన కూలీ మాత్రమే రాస్తారు. రాయి తీసి పంపిన రోజున మెకానిక్‌కు దక్కేది టీ డబ్బులే. అదే రోజు అనవసరంగా బేరింగు మార్చినవాడికి వందల్లో గిట్టుబాటవుతుంది. ఈ లెక్క తిరగబడాలని నా గట్టి అభిప్రాయం. “చూసినందుకెంత?” అని ఓనరే ముందుగా అడిగి ఇవ్వాలి. మెకానిక్ కూడా తీసిన పాత సామాను ఓనర్ చేతికిచ్చి, గోరు ఎక్కడ తట్టుకుందో చూపించాలి. ఆపైన ఖాళీ బండితో కాక, లోడుతో ఒక చుట్టు తిప్పి, ఆగాక రెండు హబ్బులనూ తాకి చూడాలి. ఒకటి రెండోదానికంటే వేడిగా ఉంటే నట్టు ఎక్కువ బిగిసిందేమో చూడాలి. బండి అక్కడి నుంచి కదలకముందే సరిచెయ్యాలి.