‘స్థిరత్వం’ చాలని చోటు: ఓవర్‌క్లాకింగ్ పరిభాషపై ఒక పరిశీలన

తెలుగు సాంకేతిక రచనలో ‘స్టెబిలిటీ’ని ‘స్థిరత్వం’ అనడం పరిపాటి. ప్రాసెసర్ కోర్లను విడివిడిగా ఓవర్‌క్లాక్ చేసే సందర్భంలో ఈ పదం చాలదు. ఒకే చిప్‌లోని కోర్లన్నీ సమానం కావు. తయారీలోని సూక్ష్మభేదాల వల్ల ఒక కోరు 5 గిగాహెర్ట్జ్‌ను తట్టుకొంటే, పక్కది అదే వోల్టేజి వద్ద తప్పవచ్చు. ఆ తప్పు ప్రతిసారీ యంత్రాన్ని ఆపదు. తప్పుడు లెక్కతోనే పని సాగిపోవచ్చు. ‘స్థిరత్వం’ అన్న మాట యంత్రం ఆగకపోవడాన్నే సూచించి, ఫలితం సరైనదేనా అన్న ప్రశ్నను మరుగుపరుస్తుంది. అందుచేత మొదటిదాన్ని ‘నిలకడ’ అనీ, రెండవదాన్ని ‘గణనశుద్ధి’ అనీ వేరుచేయడం అవసరం.

రెండవ లోపం దేశకాలాలను విస్మరించడం. గాలితో చల్లబడే ప్రాసెసర్ వేడి గది ఉష్ణోగ్రతను బట్టి పెరుగుతుంది. పుష్యమాసపు రాత్రి ఏలూరులో నెగ్గిన అమరిక, 2015లో నిట్ ఏర్పడిన తాడేపల్లిగూడెంలో వైశాఖ మధ్యాహ్నం ఓడవచ్చు. ఒక్క వేసవి కొలతతో కొల్లేటి విస్తీర్ణాన్ని నిర్ణయించలేనట్లే, ఒక్క పరీక్షతో నిలకడను నిర్ధారించలేము.

కాబట్టి తెలుగు నివేదిక ఏ కోరును, ఎంత వోల్టేజి వద్ద, ఏ గది ఉష్ణోగ్రతలో, ఎన్ని గంటలు పరీక్షించారో, ఎన్ని దోషాలు నమోదయ్యాయో చెప్పాలి. అవి లేని ‘స్థిరం’ విశేషణమే గాని నిరూపణ కాదు.