నులివెచ్చని సాకే

జపాన్ బియ్యపు మద్యం సాకే గురించి రాసేవాళ్లు బియ్యం రకం మీద, నీటి మీద, గింజను ఎంత అరగదీశారన్న లెక్క మీద పేజీలు నింపుతారు. అవన్నీ సీసాకు మూత పడేలోపే తేలిపోయే సంగతులు. మూత తీశాక కూడా తేలకుండా మిగిలేది ఒకటుంది: వేడి. దాన్ని తేల్చేది తాగే మనిషి, లేదా అతని కోసం పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి. సాకే తయారీ పూర్తయ్యేది అక్కడేనని నా నమ్మకం.

జపాన్‌లో ఈ వేడి మెట్లకు ఎంత ముచ్చటైన పేర్లు పెట్టుకున్నారో! 5 డిగ్రీల దగ్గర యుకిబియె, మంచు చలువ. 10 దగ్గర హనబియె, చెర్రీలు పూసే రోజుల్లో ఉన్నట్టుండి తిరిగొచ్చే చలి. 15 అయితే సుజుబియె. గది వేడిమిలో ఉన్నది హియ. ఇక కాచడం మొదలయ్యాక, 30 దగ్గర హినతకాన్, పొద్దుటెండ తగిలినంత. 35 దగ్గర హితోహదకాన్, మనిషి ఒంటి వెచ్చదనం. 40 నురుకాన్, 45 జోకాన్, 50 అత్సుకాన్. 55 దాటితే తొబికిరికాన్. అయిదేసి డిగ్రీలకు ఒక పేరు కావలసి వచ్చిందంటే, ఆ తేడాలు నాలుకకు అందాయి గనుకే.

చల్లదనానికి చెందినది గింజో. గింజలో నలభై శాతమైనా అరగదీసి పారేసి, మిగిలిన దాన్ని చలిలో తాపీగా పులియబెడితే ఈస్ట్ అందులో ఆపిల్, అరటి, మెలన్ పండ్ల వాసనలు పుట్టిస్తుంది. హనబియె దగ్గర అవి ఒకదాని వెనక ఒకటి విచ్చుకుంటాయి. మరీ 5 డిగ్రీలకు దించితే ముడుచుకుపోతాయి. బాగా కాస్తే ఆ సున్నితమైన పరిమళం చెదిరిపోయి ఆల్కహాల్ ముందు ముక్కుకు తగులుతుంది. కాబట్టి గింజోను చల్లగా తాగమనడం సబబే. దాని నుంచి మంచి సాకే అంటేనే చల్లగా తాగాలన్న తీర్పుకు రావడం మాత్రం అన్యాయం. ఆ తీర్పుకు ఒక చరిత్ర ఉంది. యుద్ధం తర్వాత బియ్యం కరువై, ఆల్కహాలూ గ్లూకోజూ కలిపి మూడింతలు చేసిన సాకే మార్కెట్‌ను ముంచెత్తింది. దాని లోపాలు కనబడకుండా పొగలు కక్కేలా కాచి పోసేవాళ్లు. 1980లలో గింజో మోజు వచ్చేసరికి వేడి సాకే అంటే చవక సరుకన్న ముద్ర గట్టిగా పడిపోయింది.

కానీ అంతకుముందు కొన్ని వందల ఏళ్లు వెచ్చదనమే సాకేకు మర్యాద. తొమ్మిదో నెల తొమ్మిదో నాటి చేమంతి పండుగ నుంచి మూడో నెల మూడో నాటి పీచ్ పండుగ దాకా కాచి తాగడం పాత ఆచారం. 1713లో వెలువడిన ఆరోగ్య గ్రంథం ‘యోజోకున్’లో దాని రచయిత కైబర ఎక్కెన్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఎండాకాలమైనా చలికాలమైనా చల్లగానూ వద్దు, మరీ వేడిగానూ వద్దు, గోరువెచ్చగా తాగమన్నాడు. ఆరోగ్యం కోసం చెప్పాడు గానీ, రుచి విషయంలోనూ ఆయన మాటే నాకు శిరోధార్యం.

ఎందుకో తెలియాలంటే కిమోతో పద్ధతిలో చేసిన జున్‌మయ్, అంటే బయటి ఆల్కహాల్ కలపని సాకే, రుచి చూడాలి. ఫుకుషిమలోని నిహొన్‌మత్సులో 1752 నుంచి సాకే చేస్తున్న దైషిచి వాళ్లది నాకు ప్రాణం. ఉడికించిన బియ్యాన్ని, బూజు పట్టించిన బియ్యాన్ని, నీటిని లోతు తక్కువ తొట్లలో వేసి కర్ర తెడ్లతో మెదిపి, సహజంగా పులుపు పుట్టేదాకా నాలుగు వారాలు ఓపిక పట్టడం కిమోతో. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి చద్దన్నానికి పట్టే కమ్మటి పులుపు ఉందే, దాన్ని తెచ్చే సూక్ష్మజీవుల చుట్టాలే ఈ తొట్టిలోనూ పనిచేసేది. 1910లో లాక్టిక్ ఆమ్లాన్ని నేరుగా కలిపేసే పద్ధతి వచ్చాక ఈ పని రెండు వారాలకు కుదించుకుపోయింది. ఎక్కువమంది అటే వెళ్లారు.

ఈ లాక్టిక్ ఆమ్లానికి, దాని పక్కనుండే సక్సినిక్ ఆమ్లానికి వేడి పడుతుంది. ఆపిల్‌లోని మాలిక్ ఆమ్లం చల్లగా ఉంటేనే బాగుంటుంది. లాక్టిక్, సక్సినిక్ ఆమ్లాలు మాత్రం చల్లగా ఉంటే బిగుసుకుని కాస్త కరుకుగా తగులుతాయి, వెచ్చబడితే మెత్తబడి నాలుక మీద పరుచుకుంటాయి. తీపి సైతం ఒంటి వెచ్చదనం దగ్గరే నిండుగా తెలుస్తుంది. వేడి తగిలితే ఎదిగే ఇలాంటి సాకేను ‘కాన్ అగరి’ అంటారు.

కాచడాన్ని కళ్లారా చూడాలి. ఒక గో, అంటే 180 మిల్లీలీటర్లు పట్టే తొక్కురి కూజాలో మెడ దాకా సాకే పోస్తారు. నీళ్లు మరిగించి, మంట ఆర్పి, కూజాను భుజాల దాకా అందులో దించుతారు. రెండు మూడు నిమిషాల్లో మెడలో సాకే మట్టం కొంచెం పైకి జరుగుతుంది. అడుగు నుంచి సన్నటి బుడగలు లేస్తాయి. ఈ పనికే ఉండే మనిషిని ఒకన్‌బన్ అంటారు. చేయి తిరిగిన ఒకన్‌బన్ థర్మామీటర్ వైపు చూడడు. కూజాను పైకెత్తి అడుగున వేలు ఆనిస్తాడు. వెచ్చగా ఉంటే నురుకాన్. పోసినప్పుడు ఆవిరి కనబడితే జోకాన్. పట్టుకుంటే చురుక్కుమంటే అత్సుకాన్.

40 డిగ్రీల దగ్గర కిమోతో జున్‌మయ్ మొదటి గుక్క ముందు ఏమీ చెప్పదు. వెచ్చదనం ఒక్కటే. మరుక్షణం నాలుక మధ్యలో అన్నం తీపి లేస్తుంది, దాని అంచుల్ని పులుపు పట్టుకుంటుంది, గొంతు దిగుతుండగా పుట్టగొడుగుల కమ్మదనం లాంటిదేదో వెనక్కి తిరిగొస్తుంది. మింగేశాక కూడా దవడల దగ్గర ఆ రుచి నడుస్తూనే ఉంటుంది. ఇదే సీసాను 10 డిగ్రీల దగ్గర తాగితే మొదటి ముక్క వినిపించి కథ ఆగిపోతుంది.

నాకు మరీ ఇష్టమైనది పైకి ఎక్కే దారి కాదు, దిగే దారి. 50కి కాచి, చిన్న ఒచోకో గిన్నెల్లో పోసుకుంటూ, కూజాను దానంతట దాన్ని చల్లారనివ్వాలి. మొదటి గిన్నెలో పదును, రెండో మూడో గిన్నెల్లో నిండుదనం, 35కి వచ్చేసరికి ముక్కుకు తగిలే ఘాటంతా పోయి తీపి, పులుపు, కమ్మదనం దేన్నీ విడిగా చూపించలేనంతగా కలిసిపోతాయి. దీన్ని కాన్‌జమషి అంటారు. కాచి చల్లారిందంటే పాడైందనుకుని పారబోసేవాళ్లున్నారు; గట్టి జున్‌మయ్‌కి అంత అన్యాయం ఇంకొకటి లేదు. ముల్లంగి ముక్కలతో సోయాసాస్‌లో ఉడికిన బురి చేప పక్కన ఉంటే ఆ గిన్నె విలువ ఇంకా తెలుస్తుంది: చల్లటి సాకే చేప కొవ్వును నోట్లో పేరబెడుతుంది, ఇది దాన్ని కరిగించి తనతో తీసుకుపోతుంది, తర్వాతి ముక్కకు నాలుక మళ్లీ సిద్ధంగా ఉంటుంది.